అంగ్‌కోర్‌కు మూడు రోజులు కావాలి

(ఒక ఆదివారం ఉదయం గ్రంథాలయంలో, కంబోడియా వెళ్లాలనుకుంటున్న వారి కోసం హైస్కూల్ సోషల్ టీచర్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో పెద్దవాళ్లు, వెనక చిన్నపిల్లలతో వచ్చిన కుటుంబాలు కనిపిస్తున్నాయి. ఇందాక చేతులెత్తమంటే పదకొండు మంది ఈ ఏడాది కంబోడియా వెళ్లే ఆలోచనలో ఉన్నామన్నారు. కాబట్టి ఈరోజు ఆ దేశ చరిత్రంతా చెప్పను. ఆరోగ్యంగా వెళ్లి, చూడాల్సింది తీరిగ్గా చూసి, క్షేమంగా ఇంటికి రావడానికి ఏం కావాలో అది చెబుతాను. నేను రెండుసార్లు వెళ్లాను, రెండుసార్లూ మా అమ్మతోనే. మొదటిసారి చాలా పెద్ద తప్పు చేశాను. అక్కడి నుంచే మొదలుపెడతాను.

2018 మే నెల. బడికి సెలవులు. అమ్మకు అప్పటికి 66 ఏళ్లు. చిన్నప్పటి నుంచి హరికథల్లో విన్న క్షీరసాగర మథనం అక్కడి అంగ్‌కోర్ అనే పాత గుళ్ల ప్రాంతంలో రాతి మీద గోడ పొడుగునా చెక్కి ఉందని నేనే చెప్పాను. చూస్తానంది. ఇక్కడ ఒక ట్రావెల్ ఏజెంటు "అంగ్‌కోర్‌కి ఒక్కరోజు చాలు మేడమ్, అన్నీ కవరైపోతాయి" అన్నాడు. సరేనన్నాను. తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరాం. సూర్యోదయం చూశాం, అంగ్‌కోర్ వాట్ గుడంతా తిరిగాం, అక్కణ్ణుంచి అంగ్‌కోర్ థోమ్ అనే పాత కోట నగరం దక్షిణ ద్వారం, తర్వాత బయాన్ గుడి. పదకొండున్నర అయింది. బయాన్ మెట్ల దగ్గర అమ్మ గోడ పట్టుకుని ఆగిపోయింది. "కళ్లు తిరుగుతున్నాయే" అంది. చెమటలు ధారగా కారుతున్నాయి, కాళ్లు వణుకుతున్నాయి, రెండు అడుగులు వేసి వాంతి చేసుకుంది.

మమ్మల్ని తీసుకొచ్చిన టుక్‌టుక్ డ్రైవర్ దూరం నుంచి చూసి పరుగెత్తుకొచ్చాడు. అమ్మను నీడలో పడుకోబెట్టించి, బండిలో ఐస్ పెట్టెలోంచి తడి తువ్వాలు తీసి మెడ మీద, చంకల్లో పెట్టమని చేత్తో చూపించాడు. కొబ్బరిబోండాం కొట్టించి, అందులో చిటికెడు ఉప్పు వేసి కొంచెం కొంచెంగా తాగించమన్నాడు. గంటన్నరకి అమ్మ లేచి కూర్చుంది. ఆ రోజంతా ఇక గదిలోనే. మర్నాడు మా విమానం. క్షీరసాగర మథనం ముందు నుంచి పొద్దున హడావుడిగా నడిచి వెళ్లామే గానీ, నిలబడి చూడలేదు. ఆమె దేనికోసం వచ్చిందో అది చూపించలేకపోయాను. ఆ బాధ ఆరేళ్లు నాలో ఉండిపోయింది. 2024 సంక్రాంతి సెలవుల్లో మళ్లీ తీసుకెళ్లాను. ఈసారి ఆరు రోజులు అంగ్‌కోర్ పక్కనున్న సియెం రీప్ ఊళ్లోనే ఉన్నాం.

ఎండను తక్కువగా అంచనా వేయకండి. "గుంటూరు ఎండల్లో పుట్టి పెరిగినవాళ్లం, మాకేంటి" అని నేనూ అనుకున్నాను. మన ఎండకు, అక్కడి ఎండకు తేడా ఉంది. అక్కడ గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది గానీ ఆరదు. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. పైగా మనం ఇంట్లో ఉన్నప్పుడు మధ్యాహ్నం బయటికి పోం కదా! అక్కడికి పోయాక, టికెట్ డబ్బులు పెట్టాం కదా అని మిట్టమధ్యాహ్నం రాతి మెట్లు ఎక్కుతాం. ఆ రాయి పొద్దుటి నుంచీ కాగి ఉంటుంది.

అందుకని రోజును సూర్యుణ్ణి చూసి మలచుకోండి. పొద్దున ఐదు నుంచి పదింటి దాకా తిరగండి. పదిన్నరకల్లా గదికి వచ్చేయండి. స్నానం చేసి, తిని, పడుకోండి. మూడింటికి మళ్లీ బయల్దేరి సూర్యాస్తమయం దాకా చూడండి. ఇలా చేస్తే రోజుకు రెండు గుళ్లు, మహా అయితే మూడు అవుతాయి. అందుకే ఒక్కరోజు టికెట్ వద్దంటున్నాను. ఒక రోజు పాస్ 37 డాలర్లు. మూడు రోజులది 62. ఏడు రోజులది 72. మూడు రోజుల పాస్‌ను వరుసగా వాడక్కర్లేదు, పది రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు. మధ్యలో ఒక రోజు ఒళ్లు బాగోకపోతే పడుకోవచ్చన్న నిశ్చింత ఉంటుంది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు, పాస్‌పోర్టు చూపించాలి. పాస్ మీద మన ఫొటో వేసి ఇస్తారు, ఒకరిది ఒకరికి చెల్లదు. పోగొట్టుకుంటే మళ్లీ కొనాల్సిందే. ఇంకో సంగతి. సాయంత్రం అయిదు గంటల ప్రాంతంలో మర్నాటి పాస్ తీసుకుంటే, ఆ సాయంత్రమే లోపలికెళ్లి సూర్యాస్తమయం చూడనిస్తారు.

ఇక ఎప్పుడు వెళ్లాలి? నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. వానలు ఉండవు, పొద్దున పూట చల్లగా ఉంటుంది. మార్చి నుంచి కాగడం మొదలవుతుంది, ఏప్రిల్ అన్నిటికన్నా వేడి నెల. మే నుంచి అక్టోబరు దాకా వానలు. మనకు సంక్రాంతి సెలవులు సరిగ్గా మంచి కాలంలో పడతాయి. టీచర్లకు, పిల్లలున్న వాళ్లకు నేనిచ్చే సలహా అదే. వేసవి సెలవులకు మాత్రం వద్దు. దసరా సెలవులు వానల చివరి భాగంలో వస్తాయి. వాన అంటే రోజంతా ముసురు అనుకోకండి, చాలా రోజులు మధ్యాహ్నం తర్వాత ఒకటి రెండు గంటలు గట్టిగా కురిసి తెరిపిస్తుంది. అప్పుడు కందకాల నిండా నీళ్లు, చెట్లన్నీ పచ్చగా ఉంటాయి, జనం తక్కువ. గొడుగు పట్టుకుని తిరగగలిగే వాళ్లకు అదీ మంచి కాలమే. పెద్దవాళ్లతో అయితే మాత్రం నేను ఒప్పుకోను. తడిసిన ఇసుకరాయి మీద పాచి పడుతుంది, కాలు జారితే తుంటి ఎముక విరుగుతుంది.

పండగలు కూడా చూసుకోవాలి. ఇక్కడ పెద్దవాళ్లకు ఆసక్తిగా ఉండే విషయం ఒకటి చెబుతాను. వాళ్ల నెలల పేర్లు చేత్, పిసాక్ అని మొదలై కదేక్, మికసే అని సాగుతాయి. చైత్రం, వైశాఖం, కార్తికం, మార్గశిరం! కార్తిక పౌర్ణమికి రాజధాని ఫ్నామ్ పెన్‌లో పడవ పందేలతో పెద్ద నీటి పండగ. భాద్రపద బహుళ పక్షంలో పెద్దలకు అన్నం ముద్దలు సమర్పించే పదిహేను రోజుల పండగ, పేరు ప్చుమ్ బెన్. ఆ 'బెన్' మన 'పిండం' అనే మాట. మనం మహాలయ పక్షం పాటించే రోజుల్లోనే చాలా ఏళ్లు వాళ్లదీ వస్తుంది. ఏప్రిల్ మధ్యలో సూర్యుడు మేషంలోకి వచ్చినప్పుడు వాళ్ల కొత్త సంవత్సరం. ఈ మూడు పండగలప్పుడు అందరూ సొంతూళ్లకు పోతారు. బస్సులు దొరకవు, దుకాణాలు మూసేస్తారు, గది అద్దెలు పెరుగుతాయి.

వీసా సంగతి తొందరగా చెప్పేస్తాను. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువుండాలి. ఆన్‌లైన్‌లో ఈ-వీసా తీసుకోవచ్చు, విమానాశ్రయంలో దిగాక కూడా ఇస్తారు. వెబ్‌సైటు చిరునామా చివర ప్రభుత్వానిది అని తెలిసే 'గవ్ డాట్ కేహెచ్' ఉందో లేదో చూసుకోండి. అచ్చం అలాగే కనిపించి రెట్టింపు డబ్బు గుంజే సైట్లు చాలా ఉన్నాయి. విమానం ఎక్కే ముందు వారం రోజుల్లోపు ఈ-అరైవల్ కార్డు నింపాలి, దానికి పైసా కట్టక్కర్లేదు. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్, కౌలాలంపూర్, సింగపూర్ మీదుగా పోవచ్చు. సియెం రీప్‌కు 2023 అక్టోబరులో కొత్త విమానాశ్రయం వచ్చింది. ఊరికి దాదాపు యాభై కిలోమీటర్లు, గంట ప్రయాణం. పాత పుస్తకాల్లో పది నిమిషాలని ఉంటుంది, అది నమ్మి తిరుగు విమానానికి ఆలస్యంగా బయల్దేరకండి.

డబ్బు దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగాలి. అక్కడ డాలర్, వాళ్ల రియెల్ రెండూ నడుస్తాయి. డాలరుకు సుమారు నాలుగు వేల రియెల్. మీరు డాలర్ ఇస్తే చిల్లర రియెల్‌లో ఇస్తారు. వాళ్లు చిరిగిన డాలర్ నోటు తీసుకోరు. అంచున గోరంత చిరుగున్నా, పెన్ను గీత ఉన్నా వెనక్కి ఇచ్చేస్తారు. నా దగ్గర ఇరవై డాలర్ల నోటుకు మూల మీద చిన్న చిరుగు ఉండింది, నాకు కనబడనే లేదు. మందుల దుకాణంలో అమ్మాయి దాన్ని లైటు కింద పెట్టి, వేలితో ఆ మూల చూపించి, రెండు చేతులతో మర్యాదగా తిరిగిచ్చింది. నాలుగు చోట్ల ప్రయత్నించి చివరికి అలాగే ఇంటికి తెచ్చుకున్నాను. కాబట్టి ఇక్కడ మార్చుకునేటప్పుడే ఒక్కో నోటూ వెలుగులో పెట్టి చూడండి. ఒకటి, అయిదు డాలర్ల నోట్లు ఎక్కువ అడగండి. అక్కడ ఎవరైనా చిరిగిన నోటు చిల్లరగా ఇస్తే మీరూ మర్యాదగా వద్దనండి, ఎవరూ ఏమీ అనుకోరు.

తిరగడానికి టుక్‌టుక్ చాలు. మోటార్‌సైకిల్ వెనక నాలుగు సీట్ల చిన్న బండి తగిలించి ఉంటుంది, దాన్ని రెమోర్క్ అంటారు. ఊళ్లో తిరగడానికి గ్రాబ్, పాస్‌యాప్ అనే రెండు యాప్‌లు పనిచేస్తాయి, రేటు ముందే తెలుస్తుంది. గుళ్లకు మాత్రం రోజంతా ఒకే బండి మాట్లాడుకోండి. మేం రోజుకు 18 డాలర్లు ఇచ్చాం, దూరం గుడికి వెళ్లినరోజు 30. పొద్దున, సాయంత్రం రెండు పూటలా తిప్పి, మధ్యాహ్నం గదికి తెచ్చి దింపాలని ముందే చెప్పుకోండి. మంచి డ్రైవర్ దొరికితే చివరి రోజు దాకా అతన్నే పెట్టుకోండి. వాళ్లను 'బాంగ్' అని పిలవండి. అన్నకైనా అక్కకైనా అదే మాట. 'ఆకున్' అంటే కృతజ్ఞతలు. ఆ 'కున్' మన 'గుణం'. నమస్కారం మనం పెట్టినట్టే రెండు చేతులూ జోడించి పెడతారు. మా అమ్మకు వాళ్ల ఖ్మేర్ భాష ఒక్క ముక్క రాదు, ఈ రెండు మాటలు, ఒక నమస్కారంతో ఆరు రోజులు హాయిగా గడిపింది.

ఇప్పుడు అంగ్‌కోర్ వాట్‌కు వద్దాం. 12వ శతాబ్దం మొదటి సగంలో రెండవ సూర్యవర్మ అనే రాజు విష్ణువు కోసం కట్టించాడు. పడమటి ముఖం గుడి. పొద్దున ఐదింటికే తెరుస్తారు. అందరూ ముందున్న కొలను దగ్గర సూర్యోదయం ఫొటోకు గుమిగూడతారు. మీరూ చూడండి, తప్పకుండా చూడండి. గోపురాల వెనక ఆకాశం ముందు నీలంగా, తర్వాత చామంతి రంగుకు మారుతుంటే వందల మంది మధ్యలో ఉన్నా మాట రాదు. ఆ తర్వాత ఏడింటికి జనం టిఫిన్లకని హోటళ్లకు పోతారు. మీరు పోకండి. సంచిలో అరటిపళ్లు, చపాతీలు ఏవో ఉంచుకుని అక్కడే తినేసి లోపలికి నడవండి. ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా అన్నిటికన్నా మంచి సమయం.

కింది వసారా గోడల మీద శిల్పాలున్నాయి. మనం గుళ్లో ప్రదక్షిణ చేసే దిక్కుకు ఎదురుగా, అంటే ఎడమ చెయ్యి గుడివైపు ఉంచుకుని నడవాలి. శిల్పాల వరుస అలాగే ఉంది. పడమటి గుమ్మం నుంచి కుడివైపుకు వెళ్తే ముందు కురుక్షేత్రం. భీష్ముడు అంపశయ్య మీద ఉంటాడు, వెతికి పట్టుకోండి. మూల తిరిగితే సూర్యవర్మ ఊరేగింపు. అది దాటితే యముడి కొలువు, చిత్రగుప్తుడితో సహా. కింది వరుసలో నరకాలు. ఎవరో చెబితే గానీ అర్థం కాని విదేశీయులు పుస్తకాలు తిరగేస్తుంటారు. మా అమ్మ ఏ పుస్తకం లేకుండా ఒక్కో బొమ్మనూ చూసి ఎవరో చెప్పేసింది. పక్కనున్న గైడ్ ఒకాయన ఆగి విన్నాడు.

మళ్లీ మూల తిరిగితే తూర్పు వసారా. అక్కడ క్షీరసాగర మథనం, 49 మీటర్ల పొడవు. పొద్దుటి ఎండ స్తంభాల మధ్య నుంచి ఏటవాలుగా పడుతుంది కాబట్టి చెక్కడం లోతు కనిపిస్తుంది. అందుకే దీన్ని పొద్దునే చూడాలి. ఎడమవైపు 92 మంది అసురులు వాసుకి తలవైపు, కుడివైపు 88 మంది దేవతలు తోకవైపు. తోక చివర ఒక వానర వీరుడు. నడుమ విష్ణువు, ఆయన కింద కూర్మం, పైన ఎగురుతున్న అప్సరసలు. అందరూ చూసేది అదే. మీరు ఇంకా దగ్గరికి వెళ్లి, చెయ్యి వేయకుండా, విష్ణువు కింద నీళ్లలో చూడండి. సముద్రంలో చేపలు, మొసళ్లు బారులు బారులుగా ఉంటాయి. దూరంగా ఉన్నవి నిండుగా ఉంటాయి. కవ్వం దగ్గరకు వచ్చే కొద్దీ వాటి ఒళ్లు ముక్కలై ఉంటాయి. చిలికే వేగానికి నీళ్లలోని చేప రెండుగా తెగిపోయింది! తొమ్మిది వందల ఏళ్ల కింద ఆ శిల్పి ఆ సంగతి ఆలోచించి చెక్కాడు. మా అమ్మ ఆ చేపముక్కల ముందు చాలాసేపు నిలబడింది. "ఇది హరికథలో ఎవరూ చెప్పలేదే" అంది. ఆరేళ్ల నా బాధ ఆ మాటతో పోయింది.

పై అంతస్తును బకాన్ అంటారు. మెట్లు చాలా నిటారుగా ఉంటాయి, పట్టుకోవడానికి కమ్మీలున్నాయి. పన్నెండేళ్ల లోపు పిల్లలను ఎక్కనివ్వరు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలుండాలి, చేతుల్లేని జాకెట్టు మీద చున్నీ కప్పుకుంటే ఒప్పుకోరు, టోపీ తీసేయాలి. చీర కట్టుకునే పెద్దవాళ్లు ఆ ఒక్క రోజు పంజాబీ డ్రెస్ వేసుకుంటే మెట్లకు మంచిది. బౌద్ధుల శీల దినాల్లో బకాన్ మూసేస్తారు. అంటే పౌర్ణమి, అమావాస్య, రెండు అష్టములు. వెళ్లే ముందు మన పంచాంగం ఒకసారి తీసి చూసుకోండి. ఒకరోజు అటూ ఇటూ కావచ్చు కాబట్టి హోటల్లో కూడా అడగండి.

బయాన్, తా ప్రోమ్ గుళ్ల గురించి ఎక్కువ చెప్పను, మీరే ఎలాగూ చూస్తారు. అవి పొద్దున ఏడున్నరకు తెరుస్తారు. రెండూ ఏడవ జయవర్మ అనే రాజు కట్టించినవి. చెట్ల వేళ్లు గోడలను పట్టుకున్న తా ప్రోమ్‌లో ఎన్నో ఏళ్లుగా మన పురావస్తు శాఖ వాళ్లు పని చేస్తున్నారు. పడిపోయిన రాళ్లు తిరిగి నిలబెట్టిన చోట మన దేశం పేరుతో బోర్డు చూస్తే సంతోషమనిపిస్తుంది.

బంతే స్రేయ్‌కు మాత్రం ఒక పూట కేటాయించండి. సియెం రీప్‌కు ముప్పై ఏడు కిలోమీటర్లు. 967లో ప్రతిష్ఠించిన చిన్న శివాలయం, గులాబీ రంగు రాయి. కైలాసాన్ని ఎత్తుతున్న రావణుడు, మన్మథ దహనం, వాలి సుగ్రీవుల పోరు, అన్నీ అరచేయంత జాగాలో చెక్కపని అంత సన్నగా ఉంటాయి. నా లెక్కలో శిల్పం కోసమైతే అంగ్‌కోర్ వాట్ కన్నా ఇదే గొప్పది. ఆ దారి కూడా చూడదగ్గది. రోడ్డుకు రెండు వైపులా తాటిచెట్లు. తాడి వాళ్ల జాతీయ వృక్షం. ఇళ్ల ముందు మట్టి పొయ్యి మీద పెద్ద మూకుడులో తాటి నీరా కాగబెడుతుంటారు. మేం ఒకచోట ఆగాం. ఆవిడ చెక్క తెడ్డుతో తిప్పుతూనే ఉంది. పాకం ముదిరి రంగు మారాక, తాటాకుతో చుట్టిన చిన్న చిన్న రింగుల్లో పోసింది. అయిదు నిమిషాలకు బిళ్లలు కట్టాయి. వేడి బిళ్ల ఒకటి ఆకు ముక్క మీద పెట్టి ఇచ్చింది. నోట్లో వేసుకుంటే మన తాటిబెల్లమే, కాస్త పొగ వాసనతో. ముంజలు కూడా అమ్ముతున్నారు. ఇంటికి తెచ్చుకోవడానికి ఆ తాటాకు పొట్లాల కన్నా మంచి వస్తువు నాకు కనిపించలేదు.

తిండి. శాకాహారులు ఇక్కడ జాగ్రత్తగా వినాలి. అక్కడ కూరగాయల వంటలో కూడా చేపల సాస్ పడుతుంది. ప్రహోక్ అని ఊరబెట్టిన చేపల ముద్ద ఉంటుంది, అది మనకు చింతపండు ఎంతో వాళ్లకు అంత. 'మాంసం వద్దు' అంటే చేప మాంసం కిందికి రాదనుకుని వేసేస్తారు. 'బూహ్' అంటే బౌద్ధులు దీక్షలో తినే శాకాహారం. ఆ మాట ఖ్మేర్ లిపిలో హోటల్ వాళ్లతో ఒక కాగితం మీద రాయించుకుని, ఎక్కడికెళ్లినా చూపించండి. సియెం రీప్‌లో భారతీయ హోటళ్లు చాలానే ఉన్నాయి. అయినా పెద్దవాళ్లుంటే పులిహోర పేస్టు, కందిపొడి, ఒక చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్ పెట్టుకోండి. ఆవకాయ సీసా చేతి సంచిలో వద్దు, లగేజీలో వేయండి. మాంసాహారులైతే అమోక్ తినండి. చేపను కొబ్బరిపాలతో, అరటాకు దొన్నెలో ఆవిరి మీద ఉడికిస్తారు. కాంపోట్ మిరియాలు కొని తెచ్చుకోండి.

కుళాయి నీళ్లు తాగవద్దు. సీసా నీళ్లే, మూత సీలు చూసుకుని. మనిషికి రోజుకు మూడు లీటర్లు పెట్టుకోండి. దాహం వేసేదాకా ఆగకండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు మనిషికి రోజుకు రెండు చొప్పున ఇక్కణ్ణుంచే తీసుకెళ్లండి. ఒక తువ్వాలు, గొడుగు ఎప్పుడూ దగ్గరుండాలి. ఎవరికైనా తల తిరిగితే నీడ, తడిగుడ్డ, చప్పరిస్తూ నీళ్లు. మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా, ఒళ్లు కాలిపోతున్నా ఇంకేమీ చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, అది వడదెబ్బ. ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా విమానం ఎక్కకండి. పెద్ద జబ్బు చేస్తే బ్యాంకాక్ తరలించాల్సి రావచ్చు, ఆ ఖర్చు మనం మోయలేం. బీపీ, షుగర్ మందులు రెండు భాగాలు చేసి రెండు సంచుల్లో పెట్టండి, డాక్టర్ చీటీతో సహా. వానాకాలంలో డెంగీ ఉంటుంది, దోమల మందు రాసుకోండి. గుళ్ల దగ్గర కోతులు ఉంటాయి, అరటిపండు చేతిలో కనబడితే మీద పడతాయి. గీరినా, కరిచినా సబ్బుతో బాగా కడిగి, అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టాలి.

సన్యాసులు కనబడితే ఆడవాళ్లు తాకకూడదు, పక్కన ఆనుకుని కూర్చోకూడదు. చిన్నపిల్లలు పోస్టుకార్డులు, గాజులు అమ్ముతూ వెంటపడతారు. టీచరుగా చెబుతున్నాను, పిల్లల దగ్గర కొనకండి. వాళ్లు అమ్మగలిగినంత కాలం ఇంట్లోవాళ్లు బడికి పంపరు. పెద్దవాళ్ల దగ్గర అదే వస్తువు కొనండి.

ఫ్నామ్ పెన్ వెళ్తే తువోల్ స్లెంగ్ చూడాలా వద్దా అని అడుగుతారు. 1975 నుంచి 79 వరకు ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు ముఠా పాలనలో వేల మందిని చిత్రహింసలు పెట్టిన జైలు అది. అంతకు ముందు హైస్కూల్. తరగతి గదులు, నల్లబల్లలు ఇంకా తెలుస్తాయి. నేను వెళ్లాను. చూసి బయటికి వచ్చి కూర్చుని ఏడ్చాను. చిన్నపిల్లలను తీసుకెళ్లకండి. పెద్దవాళ్లు మాత్రం వెళ్లండి. అది చూశాక, మీ టుక్‌టుక్ డ్రైవర్‌నీ, హోటల్లో ఊడ్చే పెద్దావిణ్నీ మీరు చూసే తీరు మారుతుంది.

భద్రత గురించి మూడు మాటలు. మొదటిది, థాయిలాండ్‌తో సరిహద్దు. 2025 జులైలో, మళ్లీ డిసెంబరులో అక్కడ కాల్పులు జరిగాయి. అందుకని బ్యాంకాక్ నుంచి బస్సులో పోదామని ప్లాన్ వేయకండి. సరిహద్దు మీదున్న ప్రేహ విహేర్ గుడిని ప్రస్తుతానికి వదిలేయండి. టికెట్లు కొనే ముందు ఒకసారి, బయల్దేరే వారం ఒకసారి మన విదేశాంగ శాఖ సూచనలు చదవండి. రెండోది, పాత యుద్ధాల మందుపాతరలు మారుమూల పొలాల్లో ఇంకా ఉన్నాయి. పర్యాటకులు తిరిగే గుళ్ల దగ్గర భయం లేదు. దూరప్రాంతాల్లో మాత్రం నడిచిన దారి దాటి చెట్లల్లోకి వెళ్లకండి. మూడోది మన పిల్లలకు సంబంధించినది. కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగం, నెలకు ఇంత జీతం, ముందు టూరిస్టు వీసా మీద రమ్మని ఎవరైనా అంటే వెళ్లనివ్వకండి. అలా వెళ్లినవాళ్ల పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో బంధించి, సైబర్ మోసాలు చేయించారు. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఇలా పంపిన ఏజెంట్లను పట్టుకున్నారు. వాళ్ల చేతిలో పడినవాళ్లు మన ఊళ్ల పిల్లలే. దయచేసి ఈ ఒక్క సంగతి ఇంటికెళ్లి చుట్టుపక్కల వాళ్లకు చెప్పండి.

ఇక ప్రశ్నలు తీసుకుంటాను.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వెళ్లొచ్చా అంటున్నారు. వెళ్లొచ్చు. అంగ్‌కోర్ వాట్ కింది వసారా, బంతే స్రేయ్, తా ప్రోమ్‌లో ఎక్కువ భాగం పెద్ద ఎత్తులు ఎక్కకుండానే చూడొచ్చు. గడపలు మాత్రం ఎత్తుగా ఉంటాయి, చేతికర్ర, గట్టి పట్టున్న బూట్లు ఉండాలి. ఫ్నామ్ బాఖెంగ్ కొండ మీద సూర్యాస్తమయానికి మాత్రం వద్దు. కొండెక్కాలి, పైకి ఒకసారికి మూడు వందల మందినే పంపుతారు, వరుసలో చాలాసేపు నిలబడాలి. బదులుగా స్రా స్రాంగ్ చెరువు గట్టు మీద కూర్చోండి. మెట్లు తక్కువ, గాలి బాగుంటుంది.

తోన్లే సాప్ చెరువు? నవంబరు నుంచి జనవరి దాకా అయితే వెళ్లండి. వానాకాలంలో మెకాంగ్ నది పొంగి నీళ్లు వెనక్కి తన్నడంతో ఆ చెరువు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఎత్తయిన గుంజల మీద కట్టిన ఇళ్ల కింద దాకా నీళ్లుంటాయి. వేసవిలో బురదే.

ఆ చివర అమ్మగారు అడిగింది మళ్లీ చెబుతాను, అందరికీ వినబడలేదు. అక్కడి గుళ్లలో దణ్ణం పెట్టుకోవచ్చా, పూజ ఉంటుందా అని. ఉంటుందమ్మా. అంగ్‌కోర్ వాట్ పడమటి గోపురం దగ్గర, లోపలికి వెళ్తూ కుడివైపుకు తిరగండి. ఎనిమిది చేతుల నిలువెత్తు విష్ణువు ఉంటాడు. వాళ్లు తా రీచ్ అంటారు. పసుపుపచ్చని వస్త్రం కట్టి ఉంటుంది. పెళ్లికి ముందు, ప్రయాణాలకు ముందు వచ్చి మొక్కుకుంటారు. అగరొత్తులు అక్కడే దొరుకుతాయి, చెప్పులు విప్పి వెళ్లాలి. మా అమ్మ వెళ్లినప్పుడు ఒక పల్లెటూరి పెద్దావిడ చాప మీద కూర్చుని ఉంది. అమ్మను చూసి పక్కకు జరిగి, తన చేతిలోని అగరొత్తుల్లో సగం విరవకుండా లెక్కపెట్టి ఇచ్చింది. మూడు. మీరు పొద్దున్నే, కొలను దగ్గరికి పోకముందే అక్కడికి వెళ్లండమ్మా, ఆ వేళకు ఎవరూ ఉండరు.